ఫ్యాన్ గేమ్‌కి బొమ్మలు: ఆటలోంచి తీయడమా, చూసి గీయడమా, సొంతంగా చేసుకోవడమా? ఏది మేలు?

మేం నలుగురం కలిసి రెండేళ్ళు చేసిన టైల్‌సెట్ ఒక మంగళవారం పొద్దున చూసేసరికి నెట్‌లో లేదు. దాని చోట రెండు లైన్ల నోటీసు ఉంది. హక్కుదారు ఫిర్యాదు చేశారు, ఫైల్ తీసేశాం, అంతే.

టైల్‌సెట్ అంటే తెలియనివాళ్ళకి ఒక మాట. పాత టూ-డీ ఆటల్లో నేల, గోడ, చెట్టు, నీళ్ళు అన్నీ చిన్న చిన్న చతురస్రాలుగా గీసి ఒకే షీటులో పెడతారు. ఆ ముక్కల్ని పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ఊరు తయారవుతుంది. మాది విశాఖ ఊరు. చిన్నప్పుడు మేమంతా పిచ్చిగా ఆడిన ఒక జపాన్ ఆర్పీజీ (హీరోని కథలో తిప్పుతూ ఆడే ఆట) పద్ధతిలో, మన బీచ్‌రోడ్డు మీద ఎవరైనా ఫ్యాన్ గేమ్, అంటే అభిమానులు సొంతంగా చేసే ఆట, చేసుకోవాలంటే పనికొచ్చేలా చేశాం. ఫిషింగ్ హార్బర్‌లో వరసగా కట్టేసిన మరబోట్లు, ఒడ్డున కురుసుర సబ్‌మెరైన్, డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్, గొడుగు కింద మురీ మిక్చర్ బండి. ఇవన్నీ మా చేతి గీతలు. వాటి కింద ఉన్న గడ్డి, ఇసుక అంచు, అల, ఇళ్ళ పైకప్పులు, హీరో నడిచే బొమ్మలు మాత్రం ఆ అసలు ఆటలోంచి తీసినవి. రెండూ ఒకే షీటులో ఉన్నాయి. షీటు పోయింది కాబట్టి మా బోట్లూ పోయాయి.

మా కంప్యూటర్లలో కాపీలు ఉన్నాయి, నిజమే. కానీ ఆ షీటు దింపుకుని ఆటలు మొదలుపెట్టినవాళ్ళు రాసిన మాటలు, పట్టిచ్చిన తప్పులు, వాళ్ళ ఆటల లింకులు ఆ పేజీతోపాటే పోయాయి. నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అదే.

మొన్న గాజువాక నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మేం కూడా ఆట ఒకటి చేస్తన్నాం. స్ప్రైట్లు పాత ఆటలోంచి దింపేసుకుంటే టెన్షన్ ఏటైనా ఉంటుందా?" అని అడిగాడు. స్ప్రైట్లంటే ఆటలో కదిలే బొమ్మలు. పట్టుకుంటారా అన్నది అతని భయం. నేను అతనికి చెప్పాలనుకున్నది ఇంకోటి: నువ్వు పెట్టిన కష్టం నీ పేరుమీద, నీ చేతిలో నిలబడే దారి ఏది? ఫోన్‌లో అంతా కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆటలోంచి నేరుగా తీయడం

ఆటల వాళ్ళ మాటలో దీన్ని రిప్పింగ్ అంటారు. దీనివల్ల లాభం చాలా పెద్దది, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఒక్క సాయంత్రంలో ఊరంతా లేస్తుంది. రంగులు కుదురుతాయి, అల కదులుతుంది, స్క్రీన్ చూడగానే చిన్నప్పటి ఆ ఇల్లు, ఆ టీవీ గుర్తొస్తాయి. పైగా గొప్ప చదువు కూడా. నీటి అల నాలుగే ఫ్రేముల్లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి చూపే నాలుగు బొమ్మల్లో, ఎలా కదిలిందో, ఒక చెట్టుకి ఎన్ని ఆకుపచ్చలు వాడారో పిక్సెల్ పిక్సెల్ లెక్కపెట్టుకుని నేర్చుకున్నవాళ్ళం మేం. కొన్న ఆట బొమ్మల్ని ఇంట్లో కూర్చుని ఇలా పరిశీలించడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. చిక్కు వచ్చేది అప్‌లోడ్ నొక్కినప్పుడే.

మేం అప్‌లోడ్ చేసేటప్పుడు కింద 'ఫెయిర్ యూజ్' అని రాశాం. అందరూ రాస్తున్నారు, మేమూ రాశాం. ఆ రెండు మాటలు ఎక్కడివో తర్వాతే చదివాను. అవి అమెరికా చట్టంలోవి. అక్కడి 1976 కాపీరైట్ చట్టం 107వ సెక్షన్ ప్రకారం కోర్టు నాలుగు సంగతులు తూకం వేస్తుంది: దేనికోసం వాడారు, అసలు కృతి ఎలాంటిది, అందులోంచి ఎంత తీసుకున్నారు, అసలుదాని మార్కెట్‌కి దెబ్బ తగులుతుందా. ఈ తూకం ఒక్కో కేసులో ఒక్కో వైపు మొగ్గుతుంది. 'ఫెయిర్ యూజ్' అని ముందే బోర్డు కట్టుకుంటే కోర్టుకి అది ఏ విధంగానూ లెక్క కాదు.

మన దేశంలో ఉన్నది ఫెయిర్ డీలింగ్. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్. ఇది అమెరికాది కంటే ఇరుకైన గుమ్మం. సొంత వాడకం, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల వార్తలు అని ప్రయోజనాలు పేరుపెట్టి చెప్పింది. మనం చేసే పని ఆ జాబితాలో ఒకదాని కిందికి రావాలి, వచ్చాక మళ్ళీ న్యాయంగా ఉండాలి. ఆటలకి ఇంకో మెలిక ఉంది. ఆ ఫెయిర్ డీలింగ్ క్లాజు మొదట్లోనే కంప్యూటర్ ప్రోగ్రాముని పక్కకి తీసేసింది. ఆట అంటే ఒకే వస్తువు కాదు కదా: కోడ్ ఒక సాహిత్య కృతి కింద లెక్క, బొమ్మలు కళాకృతులు, పాటలు సంగీత కృతులు. బొమ్మల్ని సమీక్షలో చూపించడానికి ఒక దారి ఉంది, కోడ్‌కి ఆ దారి లేదు. ప్రోగ్రాముకి బ్యాకప్ తీసుకోవడం, అది ఎలా పనిచేస్తుందో గమనించి పరీక్షించడం, చట్టబద్ధంగా కొన్న కాపీ నుంచి సొంత వాడకానికి కాపీ చేసుకోవడం లాంటివి వేరే క్లాజుల్లో ఇచ్చారు.

"మేం డబ్బులు తీసుకోవట్లేదు" అనేది రెండో ధీమా. 63వ సెక్షన్‌లో తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా అని ఉంది. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు కారణాలు రాసి ఈ శిక్ష తగ్గించవచ్చు. తగ్గించవచ్చు అని మాత్రమే ఉంది, తప్పే కాదని లేదు. ఇక "క్రెడిట్స్ అసలు కంపెనీకే, హక్కులు మావి కావు" అని రాయడం. మర్యాదే, కానీ అనుమతి కాదు. పైగా ఇవి వేరేవాళ్ళవని నాకు తెలుసు అని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు అవుతుంది.

ఒక ఫ్యాన్‌గా నన్ను ఎక్కువ కలచివేసింది ఏఎమ్‌టూఆర్ అనే ఫ్యాన్ గేమ్ కథ. 1991లో నింటెండో కంపెనీ చేతి ఆటయంత్రం గేమ్‌బాయ్ మీద వచ్చిన రెండో మెట్రాయిడ్ ఆటని మిల్టన్ గ్వాస్టీ అనే అర్జెంటీనా అభిమాని దాదాపు పదేళ్ళు కష్టపడి కొత్తగా కట్టి, 2016 ఆగస్టులో ఉచితంగా విడుదల చేశాడు. రోజుల్లోనే నింటెండో నోటీసులతో డౌన్‌లోడ్ లింకులు తీయించింది. జనం కోపగించారు, నేనూ కోపగించాను. తర్వాతి ఏడాది సెప్టెంబరులో అదే ఆటకి నింటెండో సొంత రీమేక్ త్రీడీఎస్ అనే వాళ్ళ ఇంకో ఆటయంత్రం మీద వచ్చింది. అప్పుడు ఆ నాలుగో తూకం, మార్కెట్ సంగతి, నాకు అర్థమైంది. మనకి పాతబడిపోయిందని అనిపించే ఆట వాళ్ళ దగ్గర ఇంకా పొయ్యి మీద ఉండొచ్చు.

మా నోటీసు మీద ఎదురు జవాబు ఇవ్వొచ్చని కొందరు సలహా చెప్పారు. మా ఫైల్ ఉన్నది అమెరికా సైటులో. అక్కడి 1998 చట్టం ప్రకారం ఎదురు నోటీసు పంపితే, అవతలివాళ్ళు కోర్టుకి వెళ్ళకపోతే, 10 నుంచి 14 పనిరోజుల్లో ఫైల్ తిరిగి పెట్టాలి. కానీ ఆ నోటీసులో పొరపాటున తీసేశారని నేను నమ్ముతున్నాను అని ప్రమాణపూర్వకంగా రాయాలి. మా షీటులో వాళ్ళ గడ్డి ఉంది, వాళ్ళ హీరో ఉన్నాడు. ఏ ముఖంతో రాస్తాం? రాయలేదు.

చూసి మళ్ళీ గీయడం

ఇది మధ్యేమార్గం అనుకుంటారు. ఫైల్ ముట్టుకోలేదు, ఆట పక్కన పెట్టుకుని చూస్తూ మన చేత్తో గీశాం, కాబట్టి మనదే అని. నా లెక్కలో మూడింట్లో నష్టపు బేరం ఇదే. కష్టం మొత్తం మనది, హక్కు మాత్రం సగం కూడా రాదు.

ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీద ఉంటుంది. ఒక నాటకానికీ ఒక సినిమాకీ మధ్య వచ్చిన తగవులో, 1978లో ఆర్.జి. ఆనంద్ కేసుగా, మన సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. రెండూ చూసినవాడికి ఇది దానికి నకలే అని నిస్సందేహంగా అనిపిస్తుందా అన్నది పరీక్ష. పైనుంచి చూసే ఊరు, 16 పిక్సెళ్ళ చతురస్రాలు, గుండ్రటి చెట్లు, నాలుగు వైపులా నడిచే హీరో: ఇవి ఎవరైనా వాడుకోవచ్చు. ఫలానా ఆటలోని ఫలానా చెట్టు, ఆ నీడ అదే మూల, ఆ కొమ్మ అదే వంపు అయితే అది నకలే, ఎవరి చేత్తో గీసినా సరే.

ఆటల్లో దీనికి మంచి ఉదాహరణ, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్ మీద నడిచిన కేసు. ఎక్స్ఐఓ అనే చిన్న సంస్థ ఆట నియమాలకి కాపీరైట్ లేదని ముందే చదువుకుని, నియమాలు మాత్రమే తీసుకున్నాం అనుకుని ఐఫోన్‌కి ఒక ఆట చేసింది. 2012లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. నియమాలు తీసుకోండి, కానీ ముక్కల ఆకారం, అవి మెరిసే తీరు, పలక కొలతలు కూడా అవేనా అన్నది. కోడ్ వాళ్ళు సొంతంగానే రాశారు. అయినా నిలవలేదు.

మా నోటీసు తర్వాత నా పాత బొమ్మలు కొన్ని తీసి, అసలు బొమ్మని సగం పారదర్శకంగా చేసి పైన పెట్టి చూశాను. నేను 'సొంతంగా' గీశాననుకున్న కొబ్బరి చెట్టు కాండం పిక్సెల్ తేడా లేకుండా దాని మీద కూర్చుంది. నాకు తెలియకుండానే చెయ్యి పాత దారిలో వెళ్ళింది. ఇప్పుడు మేం ఏ షీటు బయటపెట్టినా ముందు ఈ పరీక్ష చేస్తాం. ఖర్చు లేదు, పది నిమిషాల పని.

పాటలకీ ఇదే వర్తిస్తుంది. చెవితో పట్టి కీబోర్డు మీద మళ్ళీ వాయిస్తే రికార్డింగ్ మనదవుతుంది, బాణీ మాత్రం వాళ్ళదే.

సొంతంగా, లేదా ఉచిత లైసెన్సుతో

నెమ్మదైన దారి ఇదే. మొదటి నెలలో చేతికి వచ్చేది ఒక గడ్డి ముక్క, రెండు గోడలు. చూసినవాళ్ళు "అసలు ఆటలా లేదేంటి" అంటారు, ఆ మాట గుచ్చుకుంటుంది. అయినా నేను దీని పక్షమే, ఎందుకంటే నిలిచినవి ఇవే.

డూమ్ ఆట సోర్స్ కోడ్‌ని దాని సంస్థ 1997 డిసెంబరులో బయటపెట్టింది. 1999లో జీపీఎల్ లైసెన్సు (ఎవరైనా వాడుకుని, మార్చి, అదే షరతుతో పంచుకోవచ్చనేది) కిందికి తెచ్చింది. బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు మాత్రం ఇవ్వలేదు. అంటే ఇంజిన్, ఆటని నడిపే ఆ కోడ్, ఉచితం, అందులో వేసే సరుకు కొనాల్సిందే. అభిమానులు కొందరు ఫ్రీడూమ్ అని పెట్టుకుని ఆ సరుకు మొత్తం, రాక్షసులు, తుపాకులు, గోడలు, పాటలు, మొదటినుంచీ కొత్తగా చేసుకుంటూ వచ్చారు. ఈ రోజు ఎవరైనా డబ్బు కట్టకుండా, భయపడకుండా దింపుకుని ఆడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఓపెన్‌టీటీడీ కథా అంతే. ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ అనే పాత ఆటని మళ్ళీ కట్టినవాళ్ళు మొదట్లో బొమ్మలకి ఆ పాత సీడీ మీదే ఆధారపడ్డారు. తర్వాత ఓపెన్‌జీఎఫ్ఎక్స్ పేరుతో రైళ్ళూ స్టేషన్లూ కొత్తగా గీసుకున్నారు. 2010లో వచ్చిన 1.0 వెర్షన్ నాటికి అసలు ఆట ఫైళ్ళు లేకుండానే అది నడిచింది. ఒక్కో ముక్క తీసి ఒక్కో కొత్త ముక్క పెట్టారు. నేను ఆ కుర్రాడికి చెప్పిన పద్ధతి ఇదే: ముందు తాత్కాలిక బొమ్మలతో ఇంట్లో ఆట నడిపించుకో, బయటపెట్టేలోపు ఒక్కోటీ మార్చేసెయ్.

అన్నీ మనమే గీయక్కర్లేదు. 2012లో క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఉచిత ఆట బొమ్మల సైటు ఓపెన్‌గేమ్‌ఆర్ట్ కలిసి లిబరేటెడ్ పిక్సెల్ కప్ అనే పోటీ పెట్టాయి. అందరూ ఒకే కొలతలో, ఒకే వెలుగు దిక్కులో గీశారు కాబట్టి ఎవరి చెట్టు పక్కన ఎవరి ఇల్లు పెట్టినా అతుకుతుంది. అవి క్రియేటివ్ కామన్స్ (సీసీ) వాళ్ళ బై-ఎస్ఏ, జీపీఎల్ లైసెన్సుల కింద ఉన్నాయి. లైసెన్సు పేరు చివర ఉండే రెండక్షరాలు చదవకుండా తీసుకోవడం మాత్రం చాలామంది చేసే తప్పు. సీసీ జీరో అయితే పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. బై అంటే గీసినవారి పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే దాన్ని మార్చి చేసినది కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఒక బై-ఎస్ఏ చెట్టునీ ఒక ఎన్‌సీ చెట్టునీ అంటుగట్టి మూడో చెట్టు గీస్తే ఆ మూడోదాన్ని పంచడానికి దారి ఉండదు, రెండు షరతులూ ఒకదాన్ని ఒకటి కొట్టేస్తాయి. ఇంకో జాగ్రత్త: 'ఫ్రీ ప్యాక్' అని పెట్టినవాడే ఎక్కడో రిప్ చేసి ఉండొచ్చు. ఆయన మిగతా బొమ్మలు కూడా అదే గీత తీరులో ఉన్నాయా, మధ్యలో వేసిన చిత్తు గీతలు పెట్టాడా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

విశాఖని గీసేవాళ్ళకి ఒక మంచి మాట కూడా చెప్పాలి. కైలాసగిరి మీది శివపార్వతుల విగ్రహాలు, బీచ్‌రోడ్డు పొడుగునా ఉన్న విగ్రహాలు గీయొచ్చా అని మాలో ఒకరికి అనుమానం వచ్చింది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని గీయడం, ఫొటో తీయడం, ప్రచురించడం ఉల్లంఘన కాదని అదే 52వ సెక్షన్‌లో ఉంది. భవనాలకీ అంతే. కొండకీ సముద్రానికీ ఎలాగూ ఎవరి కాపీరైటూ లేదు. వేరేవాళ్ళ ఊహలోని ఊరికోసం అంత ఆరాటపడ్డాం, కళ్ళెదుట ఇంత సరుకు ఉంది.

ఈ దారికి అడ్డం వచ్చే కేసు ఒకటుంది, దాచడం న్యాయం కాదు. డ్యూక్ న్యూకెమ్ త్రీడీకి అభిమానులు నెట్‌లో పెట్టిన 300 లెవెళ్ళని (ఆటలో దాటాల్సిన ఒక్కో అంచె) పోగుచేసి మైక్రో స్టార్ అనే సంస్థ సీడీగా అమ్మింది. ఆ ఫైళ్ళలో అసలు ఆట బొమ్మ ఒక్కటీ లేదు. ఎక్కడ ఏ గోడ, ఎక్కడ ఏ శత్రువు అనే సూచనలు మాత్రమే ఉన్నాయి. అయినా 1998లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ కోర్టు అవి ఆ కథకి కొనసాగింపులే, హక్కు అసలువాళ్ళదే అంది. లెవెళ్ళు చేసుకోండి, కానీ ఉచితంగానే పంచండి అని ఆట యజమానులు ముందే షరతు పెట్టారు. అంటే బొమ్మలు మనవైనంత మాత్రాన సరిపోదు. ఆ హీరో, ఆ లోకం, ఆ పేరు కూడా మనవి కావాలి. పేరూ లోగో సంగతి ట్రేడ్‌మార్కు కిందికి వస్తుంది, అది వేరే తగవు.

అడిగి తీసుకోవడం

కుదిరితే దీన్ని మించింది లేదు. హాఫ్-లైఫ్‌ని అభిమానులు మళ్ళీ కట్టిన బ్లాక్ మెసాని ఆ ఆట యజమాని వాల్వ్ ఆపలేదు సరికదా, అమ్ముకోనిచ్చింది. 2020లో అది పూర్తి ఆటగా వచ్చింది. మైన్‌క్రాఫ్ట్‌కి ఏం చేయొచ్చో ఏం కూడదో రాసిన నియమాలు ఉన్నాయి. మాడ్, అంటే ఆటకి మనం విడిగా చేసి తగిలించే ముక్క, చేసి పంచుకోవచ్చు, ఆటనే మార్చి పంచకూడదు. మనవాళ్ళు ఆట ఎంచుకునే ముందే ఇలాంటి నియమాలు ఉన్నాయా అని చూడాలి. రెండేళ్ళు గీశాక కాదు.

తెలుగు చేయడం సంగతి

దీని దగ్గర నా మనసు ఊగుతుంది. అనువాదం కూడా హక్కుదారుదే, చట్టంలో తేటగా ఉంది. కానీ మన పిల్లలకి తెలుగులో ఆడదగ్గ పాత ఆట ఎన్ని ఉన్నాయి? కంపెనీలు చేసి పెడతాయని ఎదురుచూసి ప్రయోజనం కనబడదు. జపాన్‌లో 2006లో వచ్చిన మదర్ త్రీ ఆటకి 2008లో అభిమానులు ఇంగ్లిష్ ప్యాచ్ చేశారు. ఆటని పంచలేదు. తేడాలు మాత్రమే ఉన్న చిన్న ఫైల్ ఇచ్చారు, ఆట ఎవరికి వాళ్ళు తెచ్చుకోవాలి. అది చట్టానికి పూర్తిగా లోబడిందని నేను అనను. కానీ ఆట మొత్తం తెలుగు చేసి అప్‌లోడ్ చేయడం, తేడా ఫైల్ మాత్రం ఇవ్వడం, ఈ రెండింట్లో రెండోదే మేలు. వేరేవాళ్ళ సొత్తు మన చేతులమీదుగా పంపిణీ కాదు.

అనువాదంలో మన కష్టం నిలిచే చోటు ఫాంటు. పాత ఆటల్లో అక్షరానికి ఎనిమిది పిక్సెళ్ళ చదరం ఇస్తారు. ఇంగ్లిష్‌కి అది చాలు. మనకి గుడి, కొమ్ము, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'స్త్రీ' అని ఆ గదిలో రాయమంటే ఎక్కడ పడుతుంది? రెండు చదరాల ఎత్తు తీసుకుని, ఏ ఒత్తు ఏ అక్షరం కింద ఎలా సర్దుకోవాలో ఒక్కోటీ గీయాలి. ఆ ఫాంటు గీస్తే అది పూర్తిగా మనది. రేపు ఏ ఆటకైనా వాడొచ్చు. పెద్ద స్క్రీన్ ఆటలకైతే గిడుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో సిద్ధంగా ఉన్నాయి, ఆటలో పెట్టి ఇచ్చినా ఇబ్బంది లేదు.

ఆడే విధానం చెప్పే గైడ్ల విషయంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. ఏ గుహలో ఏ పెట్టె ఉంది, ఏ శత్రువుకి ఏ ఆయుధం పనిచేస్తుంది, ఇవి సమాచారం. మన మాటల్లో రాసుకుంటే మనవే. చర్చకి కావలసినంత మేరకు ఒకటో రెండో స్క్రీన్‌షాట్లు సమీక్షలో పెట్టడం ఒక ఎత్తు, ఆట మొత్తాన్ని స్క్రీన్‌షాట్లుగా తీసి అతికి పెద్ద మ్యాపు చేయడం ఇంకో ఎత్తు. మ్యాపుని కాగితం మీద గీసినట్టు మనమే గీసుకుంటే చూసేవాడికీ తేలిగ్గా అర్థమవుతుంది.

గాజువాక కుర్రాడికి చివరికి నేను ఇచ్చిన సలహా: నేర్చుకోవడానికి రిప్, ఇంటి గడప దాటేదానికి సొంతం. రెండింటినీ ఒకే షీటులో, ఒకే ఫోల్డరులో ఎప్పుడూ పెట్టకు. ప్రతి బొమ్మ పక్కన ఎవరు గీశారో, ఏ తేదీనో, ఏ లైసెన్సో ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి పెట్టుకో. రేపు ఎవరైనా అడిగితే ఒక ముక్క తీసేయగలగాలి, ఊరు మొత్తం కూలకూడదు.

మా షీటు ఇప్పుడు మళ్ళీ లేస్తోంది. గడ్డి అయిపోయింది, ఇసుక అయిపోయింది. అల ఐదోసారి గీస్తున్నాను, ఆర్కే బీచ్ నురుగు ఆ జపాన్ ఆట నీళ్ళలా ఉండదు, ఒడ్డుకి వచ్చేసరికి కాస్త మట్టిరంగు తిరుగుతుంది. హీరో నడక మిగిలింది. పాత ఫ్రేములు చెయ్యి మర్చిపోవట్లేదు కాబట్టి ఆ ఆట తెరవడమే మానేశాను. తెల్లవారుజామున బీచ్‌రోడ్డు మీద బండ్లు ఆపేసి నడకవాళ్ళకి వదిలే వేళలో వెళ్ళి కూర్చుని, మా మేనల్లుడిని అటూ ఇటూ నడిపించి వీడియో తీశాను. వాడు ఎడమ భుజం కొంచెం వంచి, చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తాడు. నాలుగు ఫ్రేముల్లో మొదటి రెండు కుదిరాయి.